మా నాయిన గోలి ఎవరి పైసలతోని వచ్చింది

పొద్దుగాల ఆరు, పది, మధ్యాన్నం రెండు, మల్ల సాయంత్రం ఆరు. ఈ నాలుగు టైములకి మా ఊరింట్ల ఫోన్ మోగుతది. ఎవరో చేసిన ఫోన్ కాదు, మా నాయిన గోలి అలారం. అమ్మ పెరట్ల బట్టలు పిండుతున్నా సరే చేతులు కొంగుకు తుడ్చుకుంట ఉరికొచ్చి గోలి, గ్లాసెడు నీళ్ళు ఇస్తది. ఇరవై నిమిషాలు లేటైతే ఆయన మొకం బిగుసుకపోతది, కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే ఉంటడు, మాట గొంతులనే ఉండిపోతది. గోలి పడ్డంక అరగంట, ముప్పావుగంటకి మల్ల మా నాయిన మాకు దొరుకుతడు. డాక్టర్లు దీన్ని ఆన్, ఆఫ్ అంటరు, మా అమ్మ "కరెంటొచ్చింది" అంటది.

మాది మర్రిగూడ దిక్కు. ఫ్లోరైడ్ అని టీవీల చూపెట్టే నల్లగొండ జిల్లా అంటే మా దిక్కే. నాయిన ముప్పై ఏండ్లు పాల సెంటర్ల లెక్కలు రాసిండు. ఎవరు ఎన్ని లీటర్లు పోసిన్రు, వెన్న ఎంతొచ్చింది, ఎవరికి ఎంత అడ్వాన్స్ ఇచ్చిండు, అన్ని ఒక పొడుగు పద్దు పుస్తకంల. ఆయన అంకెలు చూసి అచ్చు కొట్టిచ్చినవా అని అడిగేటోళ్ళు.

రోగం బయటపడ్డది కూడ చేతిరాత కాడనే. రైతుబంధు పైసలు తీస్కుందామని బ్యాంకుకు పోతే సంతకం కలుస్తలేదు అన్నరు. మూడుసార్లు పెట్టిచ్చిన్రు, మూడుసార్లు చిన్నగ, ఇంకా చిన్నగ అయింది గాని కలువలే. కౌంటర్ కాడ పిలగాడు "ఏం తాత, కొత్త సంతకమా" అన్నడట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలే మా నాయిన. తర్వాత కుడి భుజం పట్టేసింది అన్నడు, ఒకాయిన సూదిచ్చిండు, ఇంకొకాయిన నరాల బలహీనత అని టానిక్కులు రాసిండు, ఏడాదిన్నర అట్లనే పోయింది. మధ్యల అమ్మ చెర్వుగట్టుకి కూడ తీస్కపోయింది, అమాస రాత్రి గుట్ట మీద నిద్ర చేపిచ్చింది, నేనేం అడ్డం చెప్పలే, అమ్మకు అదొక ధైర్యం. చివరికి హైదరాబాద్ల నరాల డాక్టర్ "జర అటు నడ్వు పెద్దాయినా" అన్నడు, నాయిన పది అడుగులేసి తిరిగొచ్చిండు, అంతే, కుడి చెయ్యి ఊగుతలేదని అప్పుడు చూసిన నేను. ఇరవై ఎనిమిదేండ్లు ఆయన బిడ్డగా బతికి ఆ చెయ్యి ఊగుతలేదని నాకు కనపడలే.

పార్కిన్సన్స్ అన్నరు. ఊర్ల దీన్ని వణుకుడు రోగం అంటరు గాని మా నాయినకు వణుకు శానా తక్కువ, బిగుసుకపోవుడే ఎక్కువ, అందుకే చుట్టాలు ఇప్పటికీ "ఏం వణుకుతలేడు గదా, మంచిగనే ఉన్నడు" అంటరు.

సరే అసలు ముచ్చటకొస్త. మొన్న ఎండాకాలం నేను ఊరికి పోయినప్పుడు నాయిన గోలి చేతుల పట్టుకొని, పసుపు రంగు గోలి, దాన్ని అటుఇటు తిప్పి చూసి "ఇది ఎవలు కనిపెట్టిన్రు బిడ్డా, గవర్మెంటోళ్ళా కంపెనోళ్ళా" అన్నడు. లెక్కలు రాసినోడు గదా, పైసలు ఎవరి ఖాతాలకెల్లి పోయినయో తెల్వాలె ఆయనకు. నాకు తెల్వలే. అప్పటి సంది సదువుతున్న, మెట్రోల పోతా వస్తా సదువుతున్న, సదివిన కొద్ది కోపం వస్తది, నవ్వు వస్తది.

దూలగొండి తెలుసు గదా. కంచెల మీద పాకే తీగ, కాయల మీద నూగు ఒంటికి తగిల్తే గోకి గోకి సచ్చిపోతం. మా స్కూల్ల నా బెంచీ మీద ఎవడో రాసిండు ఒకసారి, హెడ్మాస్టర్ వచ్చి పేడ రాయమన్నడు, ఆ ముచ్చట ఇంకోసారి. ఆ దూలగొండి గింజలల్లనే ఉన్నది ఎల్-డోపా, అంటే మా నాయిన గోలిల ఉండే అసలు సరుకు. గింజలకెల్లి దాన్ని వేరు చేసి అచ్చేసినోళ్ళు ఎవరనుకున్నరు, 1937ల మద్రాసుల దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు. మనోళ్ళే! కానీ అది దేనికి పనికొస్తదో అప్పుడు ప్రపంచంల ఎవ్వరికీ తెల్వదు. పార్కిన్సన్ అనే లండన్ డాక్టర్ 1817ల ఆరుగురిని చూసి ఈ రోగం గురించి రాసిండు, అండ్ల కొందరిని రోడ్డు మీద నడుస్తుంటే చూసిండంతే, గాని మెదడుల ఏం తక్కువైతుందో ఇంకో నూట నలభై ఏండ్లదాంక ఎవరికీ అంతుపట్టలే.

అది తెల్సింది కూడ మన మొక్కతోనే. సర్పగంధి వేరు, దాంట్లకెల్లి రెసర్పిన్ అని బీపీ మందు తీసిన్రు. స్వీడన్ల ఆర్విడ్ కార్ల్‌సన్ అనే ఆయన 1957ల ఆ రెసర్పిన్ కుందేళ్ళకు ఎక్కిస్తే అవి చెవులు వాల్చేసి ఎక్కడియక్కడ పడిపోయినయి, మా నాయిన ఆఫ్‌ల ఉన్నట్టే. తర్వాత ఎల్-డోపా ఎక్కిస్తే లేచి తిరుగుడు షురూ చేసినయి. డోపమిన్ అనేది మెదడుకు కావాల్సిన సరుకు అని అట్ల బయటపడ్డది, 2000ల ఆయనకు నోబెల్ ఇచ్చిన్రు. 1960ల వియన్నాల హోర్నికీవిచ్ అనే ఆయన ఈ రోగంతోని చనిపోయినోళ్ళ మెదడు కోసి చూస్తే డోపమిన్ శానా తక్కువున్నది, అడుగంటింది. డోపమిన్ డైరెక్ట్‌గ మింగితే మెదడు గడప దాటదు, ఎల్-డోపా దాటుతది, లోపలికి పోయి డోపమిన్ అయితది. అయితే గోలిగా మింగిచ్చుడు ఎట్ల, వాంతులైతుండె, దాన్ని మెల్లమెల్లగ డోసు పెంచి పని చేపిచ్చింది జార్జ్ కోట్జియాస్, అమెరికాల, 1967ల. ఈయన అంతకుముందు చేసింది చిలీ దేశంల మాంగనీసు గనుల కూలీల మీద పని, జీతం ఇచ్చింది అణుశక్తి కమిషన్ లాబ్.

ఒక్కసారి లెక్క చూడుండ్రి. మద్రాసుల గింజలు నూరినోళ్ళకి, కుందేళ్ళకు బీపీ మందు ఎక్కిచ్చినాయినకి, గని కూలీల ఎంబడి తిరిగినాయినకి, వీళ్ళల్ల ఏ ఒక్కరన్నా షురువుల పోయి "పార్కిన్సన్స్‌కి మందు చేస్త పైసలియ్యి" అని అడిగి ఉంటే ఎవరన్న ఇస్తుండెనా? ఎవ్వరియ్యరు. మందు మన కంచె మీదనే పాకుతున్నది, మన లాబ్‌ల సీసాలకొచ్చింది, అక్కడికెల్లి గోలి కావడానికి ముప్పై ఏండ్లు, మూడు నాలుగు దేశాల పైసలు పట్టినయి. నాయినకు ఇదంత చెప్తే "అయితే దూలగొండి మనదే గాని బిల్లు వాళ్ళు కట్టిన్రు అన్నట్టు" అన్నడు. కరెక్టే.

(ఇది సదివి ఎవరన్న దూలగొండి గింజలు దంచి మింగేరు, దయచేసి వద్దు, ఏ గింజల ఎంత ఉంటదో తెల్వదు, గోలి మీద గోలైతది.)

ఇంకో సంగతి, ఆ గోలి రోగాన్ని ఆపదు. తక్కువైన సరుకు పోస్తది అంతే, లోపట కణాలు సచ్చిపోవుడు నడుస్తనే ఉంటది. ఏండ్లు గడిచిన కొద్ది గోలి పనిచేసే టైం తగ్గుతది, ఒళ్ళు దానంతటదే మెలికలు తిరుగుతది. పప్పు, పాలు, మాంసంతోని కలిపి మింగితే లోపలికి పోయే తొవ్వకాడ ప్రోటీన్లు అడ్డం నిలబడతయి. మా పెద్దమ్మ మనవరాలి పెండ్లిల మటన్ తిన్నంక గోలేస్కున్నడు, అప్పగింతల టైంకి కుర్చీలకెల్లి లేవలే. ఫొటోగ్రాఫర్ "అంకుల్ జర నవ్వుండ్రి" అని మూడుసార్లు అన్నడు. మా నాయిన నవ్వుతనే ఉన్నడు, మొకం నవ్వుతలేదు.

మరి రోగాన్నే ఆపే మందు ఎందుకు రాలే అంటే, పైసల కథ ఇక్కడ మొదలైతది. దగ్గుమందుల అంబ్రాక్సాల్ ఉంటది, మా ఊరి మెడికల్ షాపుల కూడ దొరుకుతది. అది మెదడుల చెత్త ఊడ్చే ఒక ఎంజైమును లేపుతదని తెలిస్తే లండన్ల 17 మందికి ఇచ్చి చూసిన్రు, 2020ల అది అచ్చయింది, మెదడుదాంక పోతుంది, పెద్ద ఇబ్బంది లేదు అన్నరు. ఇప్పుడు 330 మందితోని పెద్ద ట్రయల్ పెట్టిన్రు. పని చేస్తదా లేదా అనేది ఆ ట్రయల్ చెప్పాలె. కానీ పాత మందు, పేటెంట్ అయిపోయింది, పనిచేసినా ఏ కంపెనీకి లాభం లేదు, అందుకే ఇసొంటి వాటికి చందాలు వసూలు చేసే సంస్థలు ముందుకు రావాల్సొచ్చింది. ఈ ముచ్చట మా బావకు చెప్పుడు నా తప్పు. తెల్లారి దగ్గుమందు సీసాలు నాలుగు కొనుక్కొచ్చిండు మామకని. బావా, దగ్గు గోలిల 30 మిల్లీగ్రాములు ఉంటది, వాళ్ళిచ్చింది రోజుకి 1,260, డాక్టర్లు ఎంబడుండి ఇచ్చిన్రు అని చెప్పి సీసాలు వాపస్ ఇప్పిచ్చిన.

ఇంకోటి షుగర్ మందు, ఎక్సెనటైడ్. 2017ల 62 మందితోని చేసిన ట్రయల్ల మంచిగ కనపడ్డది, అందరం, అంటే నాలాంటోళ్ళు ప్రపంచమంత, ఆశ పెట్టుకున్నరు. పెద్ద ట్రయల్ 194 మందితోని, దాదాపు రెండేండ్లు మందు ఇచ్చి చూస్తే 2025ల ఫలితం వచ్చింది, లాభం లేదు. ఎంత పైస పోయింది అంటరు గదా మనోళ్ళు. నేనైతే ఆ పైసలు పోయినయ్ అనను. బోరు వేసినప్పుడు నీళ్ళు పడకపోతే ఆ పాయింట్ల మల్ల ఎయ్యం గదా, మా దిక్కు చెల్కలల్ల ఒక్కొక్కరు ఐదారు బోర్లు ఫెయిలైనోళ్ళే, వాళ్ళకు ఇది ఇంగ్లిష్ల చెప్పనక్కర లేదు.

బోర్ల కాడ ధైర్యం చేస్తం గాని ఇక్కడ చెయ్యం, అదే నా బాధ. రెండేండ్ల కింద ఒక క్లినిక్ వాళ్ళు, పేరెందుకు, స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, ఎక్కిస్తే నాయిన లేచి ఉరుకుతడు అని మూడున్నర లక్షలు అడిగిన్రు. మా కాక ప్లాటు అమ్ముత అన్నడు. నిజంగనే అమ్ముతుండె. నేను కూసొని సదివితే తెల్సింది, వైద్య పరిశోధన చూసే సర్కారు సంస్థ ఐసీఎంఆర్ గైడ్‌లైన్స్ల రక్తం జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్ చికిత్సగా అమ్మొద్దని ఉన్నది. అసలు పని ఎట్ల జరుగుతదంటే, 2025ల జపాన్ల క్యోటోల ఏడుగురికి, అమెరికా, కెనడాలల్ల పన్నెండు మందికి మూలకణాలతోని తయారుచేసిన కణాలు మెదడుల నాటిన ట్రయల్స్ అచ్చయినయి, పెద్ద ప్రమాదం ఏం కాలే, ఇంకా పెద్ద ట్రయల్స్ కావాలె అని వాళ్ళే అంటున్నరు. నిజమైన ట్రయల్ల పేషెంట్ మందుకు బిల్లు కట్టడు. బిల్లు అడిగిండంటే అది ట్రయల్ కాదు అని కాకకు చెప్పిన. ప్లాటు ఆగింది. అబద్ధానికి ప్లాటు అమ్మనీకి తయారుగున్న మనుషులం, నిజం తెల్సుకునేదానికి వెయ్యి రూపాయలు చందా అంటే "ఎవలకు, ఎందుకు, రశీదుందా" అంటం.

మనోళ్ళు ట్రయల్స్ల లేరని కాదు. సాఫినమైడ్ అని ఒక మందు, ఆఫ్ టైం తగ్గిచ్చేది, దాని పెద్ద ట్రయల్ 669 మందితోని జరిగితే అండ్ల ఇండియా పేషెంట్లు కూడ ఉన్నరు, 2014ల వచ్చిన పేపర్ల మొదటి పేరు హైదరాబాద్ నిమ్స్‌ల పనిచేసిన డాక్టర్ రూపం బొర్గొహైన్ గారిది. ఆ మందు 2015ల యూరప్‌ల, 2017ల అమెరికాల పాసయింది. అంటే మనోళ్ళు ఒళ్ళు ఇస్తున్నరు, డాక్టర్లు బుర్ర ఇస్తున్నరు. పైసల కాడికి వచ్చేసరికి? దేశం మొత్తం మీద అన్ని రకాల పరిశోధనకు కలిపి పెట్టేది జీడీపీల 0.64 శాతం, ఇది 2020-21 లెక్క. 2023ల పరిశోధనలకు పైసలిచ్చే అనుసంధాన్ ఫౌండేషన్ అని చట్టం చేసి ఐదేండ్లకు 50,000 కోట్లు అన్నరు, అండ్ల ఎక్కువ భాగం బయటి నుంచి, ప్రైవేటోళ్ళ నుంచి రావాలని లెక్కేసిన్రు. మైఖేల్ జె ఫాక్స్ అనే అమెరికా యాక్టర్‌కు ఇరవై తొమ్మిదేండ్లకే ఈ రోగమొస్తే 2000ల ఫౌండేషన్ పెట్టిండు, ఇప్పటిదాంక రెండు బిలియన్ డాలర్ల పైన పరిశోధనకు ఇచ్చింది అది. మన ఇండియన్ పేషెంట్ల జన్యువుల మీద జరిగే ఒక పెద్ద పనికి కూడ పైసలు ఆ ఫౌండేషన్‌వే. మన రక్తం గురించి మనం తెల్సుకునేదానికి పైసలు అక్కడికెల్లి రావుడు, వాళ్ళ పుణ్యమాని వచ్చినయి, సంతోషమే, కానీ సిగ్గుగ ఉండదా జర.

ఎందుకంటే మన ప్రశ్నలు వేరే ఉంటయి. జపానోళ్ళు 1998ల పార్కిన్ అని ఒక జన్యువును పట్టుకున్నరు, తల్లి దిక్కు, తండ్రి దిక్కు రెండు కాపీలు చెడిపోతే చిన్న వయసులనే రోగమొస్తది. మేనరికాలున్న మన దిక్కు దీన్ని ఎంత వెతకాలె? ఇగ గడ్డిమందు సంగతి. పారాక్వాట్, 24 శాతం సీసా, మా ఊర్ల ప్రతి పత్తి చెల్క గెట్టు మీద ఖాళీ సీసాలు దొర్లుతుంటయి. యూరప్‌ల 2007 సంది అది బంద్. అమెరికా రైతుల మీద 2011ల వచ్చిన స్టడీల పారాక్వాట్ వాడినోళ్ళల్ల పార్కిన్సన్స్ రెండున్నర రెట్లు ఎక్కువ కనపడ్డది. దానివల్లనే వచ్చిందని తేలినట్టు కాదు, సంబంధం కనపడ్డది అంతే. కానీ మా నాయిన పాల సెంటర్ లెక్కలతోపాటు మూడెకరాల పత్తి చేసిండు, లుంగీ ఎగ్గట్టి, కాళ్ళకు చెప్పుల్లేకుంట, పంపు వీపున కట్టుకొని గడ్డిమందు కొట్టిండు, పంపు కారి వీపు తడిస్తే అట్లనే కొట్టిండు. ఏ మందు, ఎన్నేండ్లు, ఎన్నిసార్లు అని మా ఊర్ల ఇప్పటిదాంక ఎవ్వరొచ్చి అడగలే.

అడిగితే ఏమైతదో మా దిక్కోళ్ళకు తెల్సు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి మోకాళ్ళు వంకరలు పోయిన పిలగాండ్లను చూసి తార్నాకల ఉన్న పోషకాహార సంస్థ వాళ్ళు పరిశోధన చేసి 1973ల డాక్టర్ల పత్రిక లాన్సెట్‌ల అచ్చేసిన్రు. నాగపూర్ల నీరీ అనే సర్కారు పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్ళు పటిక, సున్నంతోని నీళ్ళల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి చేసిన్రు, దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు, ఆఫ్రికాల టాంజానియాదాంక పోయింది ఆ పేరు. నీళ్ళు మారడానికి మల్ల ఎన్ని ఏండ్లు పట్టిందో, ఎన్ని ధర్నాలు పట్టినయో అది వేరే. కానీ ఎవరో సర్కారు పైసలతోని మా ఊర్లకొచ్చి మా కాళ్ళ దిక్కు చూసిన్రు, అక్కడికెల్లి మొదలైంది.

మొన్న మా ఊర్ల బొడ్రాయి పండుగ చేసిన్రు. ఆడబిడ్డలందరినీ పిలిచిన్రు, నేనూ పోయిన. ఇంటికి మూడువేలు, పైన ఇష్టమున్నోళ్ళు ఎంతైనా, ఇచ్చినోళ్ళ పేర్లు మైకుల సదువుతున్నరు. నేను మా అన్నతోని ఊకెనే అన్న, మిగిలిన పైసల్లకెల్లి పదివేలు ఈ రోగం పరిశోధనకు పంపుదాం, మనూర్లనే ముగ్గురున్నరు గదా అని. అన్న నవ్వలే, ఊర్ల పెద్దమనుషుల కాడ అన్నడు కూడ. "దవాఖాన ఖర్చుకైతే ఇస్తం, పరిశోధన అంటే అమెరికోళ్ళు చేస్తరు గదా" అని ఒకాయిన. ఆయన్ని తప్పు పట్టలేను, పరిశోధనకు చందా ఇయ్యమని ఆయన గడప తొక్కింది ఇప్పటిదాంక ఎవరు?

గడప అంటే యాదికొచ్చింది. నాయిన మెట్లు మంచిగ ఎక్కుతడు గాని గడప కాడ కాళ్ళు భూమికి అతుక్కపోతయి. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది, నేల మీద అడ్డం గీతలుంటే వాటి మీదికెల్లి దాటుతరు అని, ఇది కూడ ఎవరో కూసొని చూసి, కొలిచి తేల్చిన సంగతే. అప్పటి సంది అమ్మ పొద్దుగాల వాకిట్ల ముగ్గేసినంక మిగిలిన పిండితోని గడపకు ఇటు మూడు, అటు మూడు గీతలు గీస్తది. నాయిన ఒక్కో గీత దాటుకుంట వచ్చి బయట కూసుంటడు. ముగ్గు గీతకు పేటెంట్ ఏముంటది, దీని మీద పరిశోధనకు ఏ కంపెనీ పైసలిస్తది చెప్పుండ్రి.

చివరికి నేనే ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థకు ఐదువేలు పంపిన. పంపుడు కూడ ఏం సులువు కాలే, రెండు చోట్లకు మెయిల్ పెడితే ఒకళ్ళు జవాబే ఇయ్యలే, ఇంకొకళ్ళు మూడు వారాలకు ఫారం పంపిన్రు. నాయినకు ఫోన్ల చెప్పిన. "రశీదు ఇచ్చిన్రా?" అన్నడు ముందుగాల. ఇచ్చిన్రు, ఊరికి పోయినప్పుడు ప్రింట్ తీస్కపోయి చూపెట్టిన. పది గోలి పడ్డంక, కరెంటొచ్చినంక, పాత పద్దు పుస్తకం తెమ్మన్నడు. అటక మీదికెల్లి తీసి దుమ్ము దులిపి ఇచ్చిన. కొత్త పేజీ తిప్పి ఖర్చు దిక్కు రాసుడు షురూ చేసిండు. "పరిశోధన" అని. ప మంచి పెద్దగ పడ్డది, పాత ప లెక్కనే. రి జర చిన్నగైంది. న కాడికొచ్చేసరికి చీమ తల అంత. పెన్ను ఆపి, ఊపిరి తీస్కొని, పక్కన గడిల 5,000 రాసిండు, సున్న సున్నకు ఆగుకుంట, మూడు సున్నలు ఒకటే సైజు వచ్చేదాంక నన్ను మాట్లాడనియ్యలే.